ఎరుపు మైనస్ రెండు

మా వదినకు ఊళ్ళో మూడు పేర్లున్నాయి. ఆఫీసు రిజిస్టరులో ఉన్నది ఎవరికీ గుర్తు లేదు. ఎదురుగా పిలిచేది "ముల్లు మేడమ్" అని. వెనకాల అనుకునేది "ఎర్రమ్మ" అని. ఆ చివరి పేరు పెట్టింది నేనే కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకు పూర్తిగా ఉంది. కాస్త సిగ్గు కూడా ఉండాలి గానీ, ఆ సరుకు నా దగ్గర ఎప్పుడూ నిల్వ ఉండదు.

నాది వెల్డింగు షెడ్డు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తాను. షెడ్డు ఎంత చిన్నదంటే, పన్నెండడుగుల గేటు చెయ్యాలంటే సగం లోపల, సగం రోడ్డు మీద పెట్టుకోవాలి. అందుకని మొత్తం బయటే పెట్టుకునేవాణ్ణి. షెడ్డుకు సరిగ్గా ఎదురుగా, పెద్ద రోడ్డు మలుపులో అటవీ శాఖవాళ్ళ బోర్డు ఉంది. అరచక్రం ఆకారంలో ఐదు గడులు: ఆకుపచ్చ, నీలం, పసుపు, నారింజ, ఎరుపు. మధ్యలో గడియారానికి ఉన్నట్టు ఒక ఇనుప ముల్లు. అడవికి నిప్పంటుకునే ప్రమాదం ఇవాళ ఎంతుందో ఆ ముల్లు చెబుతుంది. ఆ ముల్లును రోజూ తిప్పేది మా వదిన.

తిప్పడమంటే ఊరికే వచ్చి తిప్పిపోవడం కాదు. పొద్దున్నే ఐదున్నరకు ఆఫీసు వెనక పెరట్లోకి వెళ్ళి గాలి మీటరు చూస్తుంది. గాల్లో తేమ ఎంతుందో చూస్తుంది. కాళ్ళ కింది గడ్డి గుప్పెడు పీకి నలిపి చూస్తుంది. ఆ తర్వాత అసలు పని, పుల్లలు తూచడం. వేలెడు లావున్న నాలుగు కర్రపుల్లల్ని కలిపి కట్టిన కట్ట ఒకటి రాత్రీ పగలూ ఆరుబయట వేలాడుతుంటుంది. బొత్తిగా తడి లేకపోతే దాని బరువు సరిగ్గా వంద గ్రాములు. నూట పదిహేను తూగితే పుల్లల్లో పదిహేను గ్రాముల తడి ఉన్నట్టు, ఊరు నిశ్చింతగా ఉండొచ్చు. నూట ఏడు తూగితే జాగ్రత్త పడాలి. నూట ఐదుకు దిగితే అగ్గిపెట్టె అన్న మాట కూడా ఎత్తకూడదు.

"మా కోడలు పుల్లలు తూచి జీతం తెచ్చుకుంటోందమ్మా, ఎంత చదువుకుందో!" అని మా అమ్మ వీధి వీధంతా చెప్పుకునేది. వదిన నవ్వి ఊరుకునేది. మా అన్నయ్య లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. మిగతా రోజులు ఇంట్లో మేం ముగ్గురమే: అమ్మ, వదిన, నేను. నాకు నలభై ఒకటి, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో ఈ కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

మా ఇల్లు కొండవాలు వీధిలో. ఇరవై ఆరిళ్ళ వీధి, పైన అడవి, కింద పెద్ద రోడ్డు. దిగడానికి ఒకే దారి. వసంతం వస్తే ఆ వీధి చూడ్డానికి ఎంత బాగుంటుందో! చెట్లన్నీ లేత చిగురు. "ఇంత పచ్చగా ఉంటే నిప్పెక్కడిది?" అనిపిస్తుంది ఎవరికైనా. ఇదే వదినకు ఒళ్ళు మండించే మాట. "పైకి చూడకండి, కిందికి చూడండి," అనేది. "కింద ఉన్నదంతా పోయినేటి గడ్డి. చచ్చి ఆర్నెల్లయింది. కొత్తది ఇంకా మొలవలేదు. పైన గాలి. ఎండాకాలం కంటే ఇప్పుడే ప్రమాదం." ఎవరు వింటారు? వసంతంలో ప్రతి ఇంటివాడూ పెరడు ఊడ్చి ఆకులు కుప్ప చేసి తగలబెట్టాల్సిందే. అదేదో వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తి అయినట్టు.

రూల్సు ఇవీ. పసుపులో ముల్లుంటే పక్కన బకెట్టు పెట్టుకుని ఆకులు కాల్చుకోవచ్చు. నారింజలో ఉంటే కాల్చకూడదు. ఎరుపులో ఉంటే ఆరుబయట నిప్పురవ్వ అనేదే పుట్టకూడదు. అంటే నా వెల్డింగు బంద్.

ఇప్పుడర్థమైందా నా బాధ? అన్నం పెట్టే వదినే నా నోటికాడి కూడు ఆపుతోంది. మూడేళ్ళ కిందట ఒక ఎరుపు రోజున, గేటు కోసం ఒకాయన వచ్చి నా నెత్తిన కూర్చున్నాడు. నేను బోర్డు వంక చూసి, "మా వదిన సంగతి నాకు తెలుసు లెండి. తలుపు గడియ వేసి, వేశానా లేదా అని మళ్ళీ రెండుసార్లు చూసే మనిషి. ఆవిడ ఎరుపంటే నారింజ అని. ఒక గడి తీసేసి చూసుకోవాలి," అని చెప్పి వెల్డింగు మొదలుపెట్టాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా తెలివికి సాక్ష్యం అనుకున్నాను.

ఆ మాట నా షెడ్డులోంచి మంగలి షాపుకు వెళ్ళింది. మంగలి షాపుకు వెళ్ళిన మాట ఊరంతా తిరక్కుండా ఉంటుందా? నెల తిరిగేసరికి అందరూ ఒక గడి తీసేసి చూస్తున్నారు. నారింజ రోజున ఆకులు కాలుస్తున్నారు, పసుపేగా అని. ఒకరోజు మంగలి నేరుగా ఆవిడనే అడిగాడు, "మేడమ్, ఇవాళ్టి ఎరుపు నికరంగా నారింజే కదా?" అని. పాపం అమాయకుడు, తప్పుగా అడగలేదు. మర్నాటి నుంచి వదిన నిజంగా నారింజ ఉన్న రోజున ముల్లు ఎరుపులో పెట్టడం మొదలుపెట్టింది. వీళ్ళు ఎలాగూ ఒకటి తీసేస్తారు, నేనొకటి కలిపితే సరిపోతుంది కదా అని ఆవిడ లెక్క.

నేను ఊరుకుంటానా! ఆవిడ ఇంట్లోనే ఉంటాను, ఆవిడ నోటు పుస్తకాలు అలమారలోనే ఉంటాయి. పదకొండేళ్ళ పుస్తకాలు. పేజీ పేజీకీ తేదీ, గాలి, పుల్లల బరువు, ఏ రంగు రావాలి. ఆ ఏడాది నుంచి పక్కన ఇంకో వరస కనబడింది, బోర్డు మీద ఏ రంగు పెట్టాను అని. రెండు వరసలకూ ఒక గడి తేడా. దొరికిపోయింది కదా అని నాకు ఎంత సంబరమో! మర్నాడే షెడ్డు ముందు నిలబడి, "ఆవిడ ఒకటి కలుపుతోందండోయ్! ఇకనుంచి రెండు తీసెయ్యండి," అని చాటించాను. ఇంటి గుట్టు వీధిలో పెట్టడానికి నేనొక్కణ్ణి చాలు.

కథ అంతటితో ఆగితే బాగుండేది. మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. ఆయన ఆ సూత్రాన్ని ఒక కాగితం మీద రాసి మంగలి షాపు అద్దం పక్కన అంటించారు. "ఎరుపు – 2 = పసుపు." లెక్కల మాస్టారే రాశాక ఇంకెవరికి అనుమానం?

ఇక వదినకు దారి మూసుకుపోయింది. ఎంత కలిపినా ఎరుపు దాటి ఇంకో గడి లేదు. పోయినేడు వసంతంలో ముల్లు తొమ్మిది రోజులు వరసగా ఎరుపులోనే ఉండిపోయింది. తొమ్మిది రోజులూ ఊరు దాన్ని పసుపు అనే చదువుకుంది. నేను దాని ఎదురుగానే గేటు వెల్డింగు చేసుకుంటున్నాను. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. "ఏంటి వదినా, డైటింగా?" అని అడిగాను. నా నోరు పడిపోను.

పదో రోజు పొద్దున్న ఏడింటికి వదిన నా షెడ్డుకు వచ్చింది. మామూలుగా నడిచే నడక కాదు. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"పద్నాలుగో నంబరు స్పానరు ఇవ్వు," అంది.

"ఎందుకు?"

"ఇస్తావా, నన్నే వెతుక్కోమంటావా?"

ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ బల్ల మీద ఉన్న, రాడ్డు బిగించే నా వెల్డింగు హోల్డరు చూసింది. దాని వైరు పీకి, దాన్ని కూడా తీసుకుని సంచిలో వేసుకుంది.

"వదినా! గేటు ఇవాళ ఇవ్వాలి! ఇదేమైనా బాగుందా?"

"బాలేదు," అంది. అంతే. రోడ్డు దాటి నిచ్చెన వేసుకుని బోర్డు ఎక్కింది. బోల్టు విప్పింది. ముల్లు ఊడదీసి అదీ సంచిలో పడేసి కిందికి దిగింది.

తర్వాత తెలిసిన సంగతేంటంటే, ఆవేళ పుల్లలు నూట మూడు తూగాయి. పదకొండేళ్ళలో ఎన్నడూ లేదు. గాలి కొండ మీద నుంచి కిందికి వీస్తోంది. ఆవిడ ఆరింటికే ఆఫీసరుగారింటికి వెళ్ళి సైరను మోగించమని బతిమాలింది. "నిప్పు అంటుకున్నాకే సైరను మోగించాలమ్మా, రూలు అది. అయినా బోర్డు మీద ఎరుపు ఉంది కదా, ఇంకేం కావాలి?" అని ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకునే సెలవిచ్చాడు.

ఖాళీ బోర్డు చూసి ఊరు బిత్తరపోయింది. ఎరుపుంటే రెండు తీసేస్తారు. పసుపుంటే ఎలాగూ ఆకుపచ్చే. ఏమీ లేకపోతే దేంట్లోంచి తీసెయ్యాలి? మొదట పాలవాడు ఆగాడు. తర్వాత బస్సు కోసం వచ్చినవాళ్ళు. ఒకరు ఫోను చేసి ఇంకొకరికి చెప్పారు, ముల్లెవరో ఎత్తుకుపోయారని. తొమ్మిదిన్నరకల్లా కొండవాలు వీధి వీధంతా దిగి వచ్చేసింది, పిల్లాపాపలతో సహా. ఊళ్ళో సర్కస్ దిగినా అంతమంది రారు.

వదిన బోర్డు కింద స్టూలు వేసి, దాని మీద త్రాసు పెట్టి, పుల్లల కట్ట పెట్టింది. "చూడండి. నూట మూడు," అంది. "ఇన్నాళ్ళూ మీరు తీసేస్తున్నారని నేను కలిపాను. నేను కలుపుతున్నానని మీరింకా తీసేశారు. తప్పు నాది కూడా. ఇవాళ కలపడానికి నా దగ్గర రంగు లేదు. అందుకే ముల్లు తీసేశాను. దయచేసి ఇవాళ ఎవరూ ఏదీ అంటించకండి."

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"నేను ఎనిమిదింటికే ఆకులు కాల్చేశానమ్మా. నిన్న రాత్రి ఎరుపుంది. రెండు తీసేశాను."

"ఆర్పారా?"

"ఆ, నీళ్ళు పోశాను."

"ఎన్ని?"

"ఒక... చెంబుడు."

"మాస్టారూ, అసలు రెండు తీసెయ్యమని మీకెవరు చెప్పారు?"

ఆయన చెయ్యెత్తి నా వైపు చూపించారు. ఊరంతా నా వంక తిరిగింది. అంతమంది నన్ను ఒకేసారి చూడ్డం అదే మొదలు. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది.

వదిన నన్ను చూడలేదు. కొండ వైపు చూసింది. మాస్టారి ఇంటి వెనక పొగ లేచింది. ముందు సన్నగా, తెల్లగా. గాలి ఒక్క విసురు విసిరేసరికి గోధుమరంగుకు తిరిగి వీధి మీద పడుకుంది.

ఆవిడ ఫోనులో "ఇప్పుడు మోగించండి!" అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పుడు మోగింది సైరను. జనం ఒక్కసారిగా పైకి పరిగెత్తబోయారు, ఒకళ్ళు కాగితాలకు, ఒకళ్ళు బీరువాకు, ఒకావిడైతే స్టవ్ మీద పెట్టిన పప్పుకు.

"నీ గేటు పట్టు!" అంది వదిన నాతో.

సగం చేసిన పన్నెండడుగుల గేటు. నేనో కొస, ఆవిడో కొస. ఈడ్చుకెళ్ళి వీధి మొదట్లో అడ్డంగా పడేశాం. ఆవిడ దాని ముందు నిలబడింది. "ఒక్కరు కూడా దాటడానికి వీల్లేదు! వస్తువులు మళ్ళీ కొనుక్కోవచ్చు!" అంది. మా వీధిలో మా వదిన మాట జనం తీసివేతలు లేకుండా విన్నది అదే మొదటిసారి.

మాస్టారు తనకు తెలిసిన పని చేశారు, హాజరు పిలిచారు. "ఒకటో ఇల్లు?" "ఉన్నాం!" "రెండో ఇల్లు?" "నలుగురం ఉన్నాం!" అలా ఒక్కొక్క ఇల్లూ పిలుస్తూ వచ్చి, "పదకొండో ఇల్లు?" అన్నారు.

పదకొండు మాది.

అమ్మ లేదు.

మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగడానికే పావుగంట పట్టే మనిషి. ముల్లు సంగతి ఎప్పుడూ పట్టించుకోని మనిషి. ఖాళీ బోర్డు చూడ్డానికి ఆవిడెందుకు దిగుతుంది? నా గేటు నేనే ఎక్కి అవతలికి దూకాను. ప్యాంటు చిరిగింది. వదిన కూడా నా వెనకే దూకింది, అందర్నీ ఆపిన మనిషి. ఇరవై అడుగులు కూడా పరిగెత్తలేదు, పొగలోంచి హారను కొట్టుకుంటూ మంగలి స్కూటరు వచ్చింది. వెనక అమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ఇంత పెద్ద సంచి.

"అడ్డం లేవండ్రా!" అంటోంది అమ్మ. "పైకి రమ్మని ఫోను చేస్తే, ఈ మంగలాడు షాపుకు తాళం వెయ్యడానికే గంట తీసుకున్నాడు."

"అమ్మా! నువ్వెందుకు దిగలేదు ముందే?" అని అరిచాను. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

"సంచి సర్దిపెట్టుకుని తొమ్మిది రోజుల నుంచీ రెడీగానే ఉన్నారా నేను! ఎరుపంటే ఎరుపే కదా. ఇవాళ పక్కింటావిడ ముల్లే లేదంది. అంటే ఎరుపు కూడా దాటిపోయిందన్న మాటేగా. స్కూటరు దొరకద్దూ?"

ఊరందరిలోనూ ఒక్క గడి కూడా తీసెయ్యని మనిషి ఆవిడొక్కతే. వీధిలో కోడల్ని ఎగతాళి చేస్తూనే, ఇంట్లో మాత్రం ఎరుపు రోజుల్లో పెరట్లో దీపం కూడా పెట్టనిచ్చేది కాదట. నేను ఎప్పుడైనా గమనిస్తేగా!

సంచి విప్పింది వదిన. మందులు, ఇంటి కాగితాలు, అన్నయ్య ఫొటో ఉంటాయనుకున్నాను. మందులున్నాయి. ఇంటి కాగితాలు లేవు. మిగతా సంచంతా నోటు పుస్తకాలు. పదకొండేళ్ళ పుల్లల బరువులు.

"ఇవెందుకు తెచ్చావత్తయ్యా?" అంది వదిన.

"మరి పదకొండేళ్ళు నువ్వు తెల్లారగట్టే లేచింది వీటికోసమే కదమ్మాయ్," అంది అమ్మ. "ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు."

కట్టుకోవాల్సే వచ్చింది. పద్నాలుగిళ్ళు కాలిపోయాయి, అందులో మాదొకటి, మాస్టారిదొకటి. నిప్పు పెద్ద రోడ్డు దగ్గర ఆగింది. మనుషులు మాత్రం ఒక్కరు కూడా పోలేదు. హాజరు నూటికి నూరు.

తర్వాత ఏమైందంటే, మా వదిన మీద విచారణ పెట్టారు. నవ్వకండి, నిజంగానే పెట్టారు. నేరాలు రెండు: ముల్లును తప్పు గడిలో పెట్టడం, శాఖవారి ముల్లును ఊడదీయడం. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయన ముందు వదిన నోటు పుస్తకాలు తనే పెట్టింది. అమ్మ మంటల్లోంచి కాపాడి తెచ్చిన పుస్తకాలే ఆవిడ మీద సాక్ష్యం. రెండు వరసలకూ తేడా ఎందుకొచ్చిందని ఆయన అడిగారు. నా పేరు చెప్తే అయిపోయేది. చెప్పలేదు.

నేనే లేచాను. "అయ్యా, ఆవిడ కలపడానికి కారణం నేను తీసెయ్యడం," అని మొదలుపెట్టి గేటు నుంచి మంగలి షాపు దాకా అంతా కక్కేశాను. బతుకులో మొదటిసారి ఎవర్నీ నవ్వించకుండా పది నిమిషాలు మాట్లాడాను.

పెద్దాయన చాలాసేపు పుస్తకాలు తిరగేశారు. చివరికి వదిన ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం పెట్టారు. తిప్పడానికి వీలుండేలా, ఊడదీయడానికి మాత్రం వీల్లేకుండా ముల్లును బిగించమన్నారు. వదిన అడిగిందని, బోర్డు కింద పుల్లల బరువు రాయడానికి ఒక నల్లపలక పెట్టమన్నారు. ఆ పనులు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క వెల్డరుకు ఇచ్చారు. అదెవరో చెప్పక్కర్లేదు కదా. హోల్డరు వదిన సంచిలోంచే తీసిచ్చింది.

మళ్ళీ వసంతం వచ్చింది. మొన్న పొద్దున్న మాస్టారి కొత్త ఇంటి గేటు బయట పరుచుకుని పని మొదలుపెట్టబోతుంటే, వదిన త్రాసు, పుల్లలు పట్టుకుని వచ్చింది. నిచ్చెన ఎక్కబోతూ ఆగింది.

"నువ్వు చూడు ఎంతుందో," అంది.

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో అన్నం తిన్నాను. ఆ పుల్లలు ఎంత తూగాయని నేను ఆవిడని ఒక్కసారీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. త్రాసు మీద పెట్టాను. నూట ఐదు. పలక మీద నేనే రాశాను. నిచ్చెన నేనే ఎక్కి ముల్లు ఎరుపులోకి తిప్పాను. దిగొచ్చి గేటును లోపలికి ఈడ్చడం మొదలుపెట్టాను.

మాస్టారు వచ్చారు. బోర్డు వంక చూశారు, పలక వంక చూశారు, నా వంక చూశారు. పాత అలవాటు పోతుందా, గొంతు తగ్గించి అడిగారు, "ఏమోయ్, ఇవాళ ఎంత తీసెయ్యాలి?"

"ఏమీ తియ్యక్కర్లేదు మాస్టారూ. ఈ కొస పట్టుకోండి, గేటు లోపల పెడదాం," అన్నాను.

ఆయన పట్టుకున్నారు. గేటు సగమే లోపలికి వెళ్ళింది. మిగతా సగం రోడ్డు మీదే ఉండిపోయింది. పని ఆపి, వదినతో కలిసి టీ తాగడానికి వెళ్ళాను.